అన్నీ ముందే కావాలి సార్!

తొలకరి పడితే అనంతపురం జిల్లా వజ్రకరూరు చేన్లల్లో వజ్రాల కోసం జనం తలలు వంచుకుని తిరుగుతారు. రాయి దొరికితే దశ తిరుగుతుందని ఆశ. అంతేగానీ ఫలానా తేదీకి దొరుకుతుందని ఎవరూ కాగితం రాసివ్వరు. వజ్రాలుండే అవకాశమున్న ఇక్కడి కింబర్లైట్ రాయిని పరీక్షించే భూగర్భ శాస్త్రవేత్తలు ఇంకా చాదస్తులు. కింబర్లైట్ ఉన్నంత మాత్రాన వజ్రం ఉండాలని లేదు, వజ్రం ఉన్నా గని గిట్టుబాటు కావాలని లేదు అంటారు. సాఫ్ట్‌వేర్ రంగంలో ఇలాంటివాళ్లకు ఒక్కపూట కూడా ఉద్యోగం నిలవదు. అక్కడ నల్లరాయి చూపించిన మీటింగులోనే కోహినూరు ఏ తేదీకి ఇస్తారో చెప్పాలి.

ఆ మీటింగుకో మర్యాద ఉంది. ‘ఏది ముందు కావాలి సార్?’ అని అడగకూడదు. అన్నీ ముందే కావాలి. ‘కుదరదు’ అనకూడదు. ‘ఫేజ్ టూలో పెడదాం’ అనాలి. మంత్రిగారు, కార్యదర్శిగారు, కంపెనీవారు అందరూ తల ఊపుతారు. ఆ సాఫ్ట్‌వేర్ వాడాల్సినవాడు మాత్రం ఆ సమయానికి ఎండలో ఉంటాడు.

ఉపాధి హామీ పథకాన్నే చూడండి. 2006 ఫిబ్రవరి 2న అది మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. కూలీ అడిగినవి రెండే: పని, పదిహేను రోజుల్లో కూలి. చట్టమూ అదే చెప్పింది. ప్రాధాన్యాలు ఇంత తేటగా ఉన్న ప్రాజెక్టు మరొకటి దొరకదు. అయినా 2021లో హాజరు కోసం ఎన్ఎంఎంఎస్ యాప్ వచ్చింది. 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప, అన్ని పనుల దగ్గరా తప్పనిసరైంది. పారదర్శకత, జవాబుదారీతనం, దొంగ మస్టర్ల కట్టడి, అన్నీ రోజుకు రెండు ఫోటోలతో!

మన దగ్గర కూలి కట్టేది తవ్విన మట్టి కొలతను బట్టి. యాప్ లెక్కపెట్టేది మొహాలను. ఎండ ముదరకముందే గుంత తీసేసినవాళ్లు రెండో ఫోటో కోసం కాచుకోవాలి. సిగ్నల్ అందకపోతే పని దగ్గర హాజరు వేసే మేట్ ఫోను పట్టుకుని గట్టెక్కాలి. కూలి ఆలస్యమైతే మాత్రం ఎవరి ఫోటో తీయాలో ఆ యాప్‌లో లేదు. అది ఫేజ్ టూ కాబోలు.

చివరికి 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒప్పుకుంది: పనితో సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నారు, ఫోటోకే ఫోటో తీసి పంపుతున్నారు. మరి విరుగుడు? పంచాయతీ స్థాయిలో ప్రతి ఫోటోనూ మనుషులు కళ్లతో చూసి సరిపోల్చాలి. మనుషుల్ని నమ్మలేక యాప్ తెచ్చారు, యాప్‌ను నమ్మలేక మళ్లీ మనుషుల్ని పెట్టారు.

ఇందులో యాప్ తప్పేమీ లేదు. ఫోటో తీయమన్నారు, తీసింది. ఫోటో తీస్తే నిజాయితీ పుడుతుందని మాటిచ్చింది మీటింగులోని సూటూబూటూ.

అందుకే నాదొక మనవి. ఇకమీదట ప్రతి ఒప్పందంలో మొదటి పేజీ నిండా ‘ఈ సాఫ్ట్‌వేర్‌కు చేతకానివి’ అని రాయండి. కింద మొదటి సంతకం మేట్ చేత పెట్టించండి. అలా చేస్తే సగం ప్రాజెక్టులు ఆ పేజీ దాటవు. ఇప్పటిదాకా ఎవరూ ఆ పేజీ రాయకపోవడానికి కారణం కూడా అదే.