అనుభవదారు

ఆర్నెల్ల వీసా మీద అమెరికా వెళ్ళిన తండ్రికి అక్కడ రెండే పనులు. పొద్దున మనవణ్ణి స్కూలు బస్సెక్కించడం, శని ఆదివారాల్లో అమ్మాయి ఎవరింటికి తీసుకెళ్తే వాళ్ళింట్లో సోఫాకి ఓ మూల కూర్చోవడం. మా అమ్మాయి వాళ్ళుండేది సియాటిల్ పక్కన బాతెల్‌లో. ఆ సెప్టెంబరు శనివారం మాత్రం పిలుపు నాకే వచ్చింది.

"నాన్నగారిని తప్పకుండా తీసుకురమ్మని రెండుసార్లు ఫోన్ చేశాడు నాన్నా" అంది అమ్మాయి.

ముసలివాళ్ళకి ఇంత గిరాకీ ఎప్పుడొచ్చిందా అనుకున్నాను. పిలిచిన కుర్రాడిది మా జిల్లాయే. వాళ్ళ ఊరు నేనొకప్పుడు మండల రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా చేసిన మండలంలోది. ఊరి మాటలు వినాలని మొహం వాచి ఉంటాడులే అని, మడత నలగని చొక్కా తొడుక్కుని బయల్దేరాను.

దారిలో ఫ్రీమాంట్ అనే పేటలో లెనిన్ నిలబడి ఉన్నాడు. కంచు విగ్రహం, నిలువెత్తు కంటే చాలా పెద్దది. స్లొవేకియాలో పడగొడితే ఒక అమెరికా ఆయన కొని ఓడలో తెప్పించాడట. 1995 నుంచీ ఇక్కడే ఉంది, అమ్మకానికి. కొనేవాళ్ళు దొరకలేదు. విజయవాడ లెనిన్ సెంటర్‌లో మన లెనిన్ పక్కన కనీసం పాత పుస్తకాలు అమ్ముతారు. ఇక్కడ సాక్షాత్తూ ఆయన్నే బేరానికి పెట్టారు.

"ఈ ఊరివాళ్ళు చాలా ప్రోగ్రెసివ్ మామయ్యగారూ" అన్నాడు అల్లుడు స్టీరింగ్ తిప్పుతూ.

కుర్రాడి ఇంటి ముందు గడ్డిలో ఓ బోర్డు పాతి ఉంది. ఈ ఇంట్లో మేం నమ్మేవి ఇవీ అని మొదలై, నల్లవారి ప్రాణాలూ ఆడవారి హక్కులూ సైన్సూ దయా, ఒక్కోటి ఒక్కో రంగులో. ఆ వీధిలో నాలుగైదు ఇళ్ళ ముందు అదే బోర్డు చూశాను. మన దగ్గర గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కట్టినట్టు. గరాజ్ ముందున్న టెస్లా వెనక అద్దం మీద, దీని యజమాని సంగతి తెలియకముందే కొన్నాం అని ఒక స్టిక్కర్. ఏ కారైనా దాని ఓనరు తరఫున క్షమాపణ చెప్పడం నేను చూడటం అదే మొదలు.

కుర్రాడు ఎదురొచ్చి వంగి కాళ్ళకు దండం పెట్టాడు. ఒంటిమీద కోటుకి మోచేతి దగ్గర చిరుగు, దానిమీద ఓ టేపు ముక్క. పాపం ఏం కష్టమొచ్చిందో అనుకున్నాను. కొత్తది కొని భూమికి భారం చేయడం ఇష్టంలేక అలా అతికించుకుంటారని తర్వాత అల్లుడు చెప్పాడు. ఆ కోటు కొత్తలో ఎంతో కూడా చెప్పాడు. నా నెల పెన్షన్‌లో సగం.

వంటింట్లో మూడు బుట్టలు. చెత్తకొకటి, మళ్ళీ వాడేవాటికొకటి, తిండి మిగుళ్ళకొకటి. టీ బ్యాగు పట్టుకుని ఏ బుట్టలో వేయాలో తెలీక నేను నిలబడిపోతే, ఆ ఇంటి కోడలు ఎంతో ఓపిగ్గా దారం ఒకచోట, స్టేపుల్ పిన్ను ఒకచోట, ఆకు ఒకచోట వేసి చూపించింది. మా అమ్మ దొడ్లో పెంటకుప్ప ఉండేది. ఎవరికీ ఉపన్యాసం ఇచ్చినట్టు గుర్తులేదు.

ఎనిమిది మంది కూర్చున్నాం. ఇద్దరు తెల్లవాళ్ళు, మిగతా అంతా మనవాళ్ళే. కీన్వా పులిహోర, పనసకాయ బిర్యానీ, గేదెకీ ఆవుకీ సంబంధం లేని పెరుగు. చేయి పెట్టబోతుంటే కుర్రాడు లేచి నిలబడ్డాడు. దేవుడి ప్రార్థన కాబోలని నేనూ చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"మనం కూర్చున్న ఈ నేల డువామిష్ ప్రజలది" అన్నాడు ఇంగ్లీషులో, మెల్లగా, కళ్ళు సగం మూసి. "వాళ్ళ దగ్గర లాక్కున్నది. ఆ సంగతి ఒప్పుకుని, కృతజ్ఞతతో భోజనం మొదలుపెడదాం."

అందరూ తలలు వంచారు. నేను ఉద్యోగం చేసిన కాలమంతా భూమి కాగితాలు చూసినవాణ్ణి. భూమి మాట వినపడితే ఆకలి గుర్తుండదు. వివరం అడిగాను. కుర్రాడికి అంతా కంఠతా వచ్చు. సియాటిల్ ఊరి పేరే వాళ్ళ నాయకుడు సియాల్ పేరట. 1855లో పాయింట్ ఇలియట్ అనేచోట ఒడంబడిక రాయించుకున్నారు. భూమి ఇచ్చేశారు, బదులుగా వస్తుందనుకున్న సొంత చోటు మాత్రం వాళ్ళకి రాలేదు. పదేళ్ళకి, 1865లో, ఈ ఊరు పుట్టాక చేసిన అయిదో ఆర్డినెన్సే ఇండియన్లు ఊళ్ళో కాపురం ఉండకూడదని. ఇప్పటికీ ఆ తెగకి కేంద్ర ప్రభుత్వ గుర్తింపు లేదు. అందుకని తను నెలనెలా ఆ తెగకి అద్దె కింద కొంత పంపుతాడట.

"సంతకం తీసుకుని కబ్జా ఇవ్వకపోవడం" అన్నాను. "మన డి-ఫారం పట్టాల్లాగే ఉంది బాబూ. కాగితం ఒకరి దగ్గర, భూమి ఇంకొకరి దగ్గర."

కుర్రాడు నా వంక చాలా గౌరవంగా చూశాడు. కులవివక్షను నిషేధించిన మొదటి అమెరికా నగరం కూడా తమదేననీ, 2023 ఫిబ్రవరిలో కౌన్సిల్ ఓటేసిన రోజు ఆఫీసు మానేసి మరీ వెళ్ళాననీ చెప్పాడు.

నేనూ ఊరుకోలేదు. రెవెన్యూలో ముప్పై నాలుగేళ్ళు చేశాననీ, ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదనీ, కలం పట్టుకుని ఒక్క తప్పుడు సంతకం చేయలేదనీ చెప్పాను. నా ఇంటి ముందు బోర్డు లేదు గానీ ఈ మాట అడిగితే చెప్తాను, అడక్కపోయినా చెప్తాను. తెల్లామె చెయ్యి గుండెమీద పెట్టుకుంది. అమ్మాయి మొహం వెలిగిపోయింది. రెండోసారి కీన్వా వేయించుకున్నాను.

భోజనాలయ్యాక కుర్రాడు నన్ను వెనక డెక్ మీదికి తీసుకెళ్ళి, తలుపు వేసి, తెలుగులోకి దిగాడు.

"అంకుల్, చిన్న పొలం తగాదా. మాలపల్లె పక్కన ఎకరా డెబ్బై సెంట్లు. 1974లో వాళ్ళకి గవర్నమెంటిచ్చిన అసైన్డ్ భూమి. మా నాన్నగారు ఎప్పుడో కొనేశారు, తెల్లకాగితం మీద. ఇన్నేళ్ళూ ఎవరూ మాట్లాడలేదు. ఇరవై ఏళ్ళు దాటిన అసైన్డ్ భూమి మీద పట్టాదారుకే పూర్తి హక్కని 2023లో సవరణ వచ్చింది చూశారా, అప్పట్నుంచీ వాళ్ళ మనవడు డి-పట్టా పట్టుకుని తిరుగుతున్నాడు. మా తాతది, మాకిచ్చేయండి అంటాడు."

ఒక నిమిషం నాకు మాట రాలేదు. ఇందాక కళ్ళు మూసుకుని నిలబడినవాడు వీడేనా అని చూశాను.

"మరి అతనిదేగా బాబూ?"

"అదీ ఇదీ ఒకటి కాదంకుల్. మేం డబ్బిచ్చాం."

"ఎంత?"

"నాలుగొందలు. రెండు బస్తాల ధాన్యం కూడా."

నాకు ఒళ్ళు మండింది. పెద్దవాణ్ణి, నాలుగు మాటలు చెప్పే హక్కుందనిపించింది. అసైన్డ్ భూమి అమ్మడం, కొనడం 1977 చట్టం ప్రకారం చెల్లదని, నువ్విచ్చిన నాలుగొందలకి చట్టంలో విలువ లేదని, డువామిష్ వాళ్ళకి కట్టే అద్దెలో సగమైనా ఆ మనవడికి కట్టావా అని గట్టిగానే అడిగాను. ఆ వేడిలో ఇంకోమాట కూడా అన్నాను. "కొన్న మీ నాన్నగారి కంటే, స్థలం మీదికెళ్ళి విచారించకుండా ఆయన పేరు అడంగల్‌లో అనుభవదారుగా ఎక్కించాడే, ఆ ఉద్యోగిది పెద్ద తప్పు. అలాంటి గడ్డి తినేవాళ్ళ వల్లే మా డిపార్టుమెంటుకి ఈ పేరు."

కుర్రాడు కోపం తెచ్చుకోలేదు. ఫోన్ తీసి, విజయవాడ లాయరు పంపిన స్కాన్ కాపీ తెరిచి, రెండు వేళ్ళతో పెద్దది చేసి నా చేతికిచ్చాడు. 1401 ఫసలీ, అంటే 1991-92 అడంగల్. పట్టాదారు గడిలో ఒక పేరు, అనుభవదారు గడిలో వాళ్ళ నాన్న పేరు. కింద అజమాయిషీ తేదీ, నీలి సిరాలో సంతకం.

"మీరు దీనిమీద ఒక్క అఫిడవిట్ ఇస్తే చాలన్నాడంకుల్ లాయరు. ఆ రోజు ఎండకి మీరు పొలానికి రాలేదట, మా ఇంట్లోనే నాటుకోడితో భోంచేసి వెళ్ళారట. నాన్నగారు ఇప్పటికీ మిమ్మల్ని తలుచుకుంటారు" అన్నాడు.

సంతకం నాదే.