మనసు మీది, టైంటేబుల్ వాళ్లది

అక్టోబరు 10 వచ్చిందంటే చాలు, ఆఫీసులకు మనసు గుర్తొస్తుంది. ప్రపంచ మానసిక ఆరోగ్య దినం కదా! చొక్కాకు ఆకుపచ్చ రిబ్బను. గోడ మీద నవ్వు మొహం పోస్టరు. హెచ్ఆర్ వారి నుంచి మెయిలు: 'మీ మనసును కాపాడుకోండి.' ఎప్పుడు కాపాడుకోవాలట? మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటి దాకా, జూమ్‌లో. అంటే అన్నం మానేసి. హాజరు తప్పనిసరి. కెమెరా ఆన్‌లో ఉండాలి. ఊపిరి గట్టిగా పీల్చాలి. మెల్లగా వదలాలి. ఆ వదిలేలోపే మేనేజరు గారి మెసేజి: 'ఆ ఫైలు ఏమైంది?'

చెరుకు పిండేవాడే పిప్పిని చూసి 'అయ్యో, ఇలా ఎండిపోయావేం? కాస్త నీళ్లు తాగు' అన్నట్టుంది యవ్వారం.

ఎవరిని కదిలించినా ఒకటే పాట. పెందలాడే పడుకోండి. పొద్దున్నే నడవండి. ఫోను పక్కన పెట్టండి. నలుగురితో మాట్లాడండి. మంచి మాటలే, ఎవరు కాదన్నారు? కానీ స్వామీ, రాత్రి పదకొండింటికి అమెరికా వాళ్లతో కాల్ పెట్టిందెవరు? ఫోను పక్కన పెట్టినవాడికి అప్రైజల్‌లో కోత పెట్టిందెవరు? నలుగురితో మాట్లాడాలంటే ఆ నలుగురూ ఒకచోట దొరకాలి కదా? ఒకరు నైట్ షిఫ్టులో. ఒకరు హాస్టల్లో. ఒకరు ట్రాఫిక్‌లో. ఇంకొకరు వంటింట్లో. ఎవరితో మాట్లాడమంటారు, గోడతోనా?

పెద్దల మాటలు వరసలో పెట్టి చూద్దాం. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలని సెలవిచ్చారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ గారు పాటను 90కి పాడారు. ఆదివారం ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపని చూస్తారని కూడా అడిగారు. అదే జనవరి నెలాఖరున కేంద్ర ఆర్థిక సర్వే పార్లమెంటు ముందుకొచ్చింది. రోజుకు 12 గంటలు, అంతకుమించి డెస్కుకు అతుక్కుపోయేవారి మానసిక స్థితి దెబ్బతింటోందని అందులో రాసుంది. రాసింది సాక్షాత్తూ సర్కారే. ఏలినవారికి కళ్లు తెరుచుకున్నాయనుకున్నారా? భలేవారే!

ఆర్నెల్లు తిరక్కుండానే రెండు తెలుగు రాష్ట్రాలూ గడియారానికి మరమ్మతు చేశాయి. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోజువారీ పనివేళల పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచుతామంది. జులైలో తెలంగాణ కూడా వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటలకు జీవో ఇచ్చేసింది. వారానికి 48 గంటల గీత దాటితే ఓటీ ఇస్తారట, సంతోషించండి. నీళ్ల దగ్గర కొట్టుకుంటారు. ఆస్తుల దగ్గర కొట్టుకుంటారు. ఇక్కడ మాత్రం ఎంత ఐకమత్యమో చూశారా? కారణం అడిగితే వ్యాపారం సులభతరం కావాలన్నారు. బతుకు సులభతరం చేసే శాఖ సచివాలయంలో ఏ అంతస్తులో ఉందో తెలిస్తే చెప్పండి, వెళ్లి దండం పెట్టుకొస్తాం.

ఇది పెద్దవాళ్ల కథ. పిల్లలది ఇంకా ఘోరం.

ఇంటర్ కార్పొరేట్ హాస్టలు టైంటేబుల్ ఎప్పుడైనా చూశారా? తెల్లవారకముందే స్టడీ అవర్. రాత్రి పదిన్నరకూ స్టడీ అవర్. మధ్యలో క్లాసులు. వారం వారం పరీక్ష. మార్కులు తగ్గితే కింది సెక్షన్‌కు బదిలీ, అదీ అందరూ చూస్తుండగా. ఇంటికి ఫోను చేసుకోవడానికీ వార్డెన్ దయ కావాలి. ఇన్నీ చేసి, ఫలితాల రోజు టీవీలో ఒకటీ ఒకటీ ఒకటీ అని కేక. ఆ కేకలో వినపడని లక్షలమంది సంగతేమిటి? వాళ్ల ఫీజు మాత్రం చెల్లుబాటైందిగా!

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. తండ్రి సుప్రీంకోర్టు దాకా నడిచాడు. 2025 జులైలో కోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థా కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్‌ను పెట్టాలంది. మార్కులను బట్టి బ్యాచులు విడదీయడం మానుకోమంది. నలుగురిలో అవమానించొద్దంది. హాస్టల్లో ఫ్యాన్లకు భద్రతా ఏర్పాట్లు చేయాలని కూడా చెప్పింది. ఫ్యాన్ల సంగతి సులువు, ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే సరి. బ్యాచులు ఎత్తేయమంటే మాత్రం యాజమాన్యానికి ప్రాణం పోయినంత పని. స్టార్ బ్యాచ్ లేకపోతే ఫ్లెక్సీ ఎవరి బొమ్మతో వేస్తారు? ఫ్లెక్సీ లేకపోతే అడ్మిషన్లు ఎలా వస్తాయి? ఇంతకీ, మీ వాడి కాలేజీలో ఆ కౌన్సెలర్ పేరేమిటో చెప్పగలరా? పోనీ, మీ వాడు చెప్పగలడా?

చట్టం లేదా అంటే, దివ్యమైనది ఉంది. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేసుకున్నాం. చికిత్స పొందడం ప్రతి పౌరుడి హక్కని అందులో రాసుకున్నాం. హక్కు కాగితం మీద కులాసాగా ఉంది. నిమ్‌హాన్స్ వారు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో తేలిందేమిటి? జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్సే అందడం లేదని. అప్పటికి లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా గతిలేని దేశం మనది. హక్కు ఇచ్చారు, డాక్టరును ఇవ్వడం మర్చిపోయారు!

బీమా సంగతి అడగొద్దు. శరీరానికి ఇచ్చినట్టే మనసు జబ్బుకూ బీమా ఇవ్వాలని అదే చట్టంలో 21(4) సెక్షన్ చెబుతోంది. కంపెనీలు వింటేగా? బీమా నియంత్రణ సంస్థ 2018లో ఒకసారి చెప్పింది. 2022 అక్టోబరులో గడువు పెట్టి మళ్లీ చెప్పింది. సరే, ఇప్పుడు పాలసీలో ఆ వాక్యం ఉంటుంది. కానీ ఎక్కువ పాలసీలు ఆసుపత్రిలో మంచమెక్కితేనే పలుకుతాయి. కుంగిపోయిన మనిషికి చాలాసార్లు కావాల్సింది వారానికో గంట కౌన్సెలింగ్. దానికి జేబే దిక్కు. అంటే బీమా కావాలంటే ముందు బాగా ముదరబెట్టుకోవాలన్నమాట!

నాయకులను, కంపెనీలను తిడుతుంటే హాయిగా ఉంది కదూ? ఆగండి, మన ఇళ్లకూ వద్దాం. 2024 కాల వినియోగ సర్వే లెక్క వినండి. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు దానికి పెడుతున్నది 289 నిమిషాలు. మగవాళ్లు? 88. ఆఫీసులో పదో గంట అన్యాయమని గొంతు చించుకునే అయ్యగారు ఇంటికొచ్చి 'కాఫీ ఏదీ?' అని అరుస్తారు. ఆవిడకు ఓటీ ఏ జీవోలో ఉంది? ఆవిడ 'మనసు బాగాలేదండీ' అంటే వచ్చే సమాధానం మనకు తెలియదా? 'నీకేం తక్కువైంది?' పిల్లాడు అంటే, 'మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా?' స్నేహితుడు అంటే, 'ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి టికెట్ తీయమంటావా?' మోకాలు నొప్పంటే పది మంది పది డాక్టర్ల పేర్లు చెబుతారు. మనసు నొప్పంటే పది మందీ పది జోకులు వేస్తారు.

మరి చేతులు ముడుచుకు కూర్చోవాలా? అక్కర్లేదు. నడవండి. నిద్రను వేలానికి పెట్టకండి. రెండు వారాలైనా దిగులు వదలకపోతే, దేని మీదా ఆసక్తి పుట్టకపోతే, డాక్టరును కలవండి. షుగరుకు వెళ్లినంత మామూలుగా వెళ్లండి. మనసు సాయానికి ఫోను చేయాల్సిన టెలీ మానస్ నంబరు 14416. 2022 నుంచి పనిచేస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రింబవళ్లూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇదంతా మన వంతు.

వాళ్ల వంతు మాత్రం వసూలు చేయాల్సిందే. ఫీజు కట్టేముందు కౌన్సెలర్ పేరు, చదువు, ఆయన కూర్చునే గది చూపించమనండి. ర్యాంకుల పుస్తకం తర్వాత, ముందు నిద్రవేళలు చూపించమనండి. హెచ్ఆర్ వారిని, 'వెబినార్ వద్దు, ఏడు తర్వాత మెయిలు ఆపండి' అని అడగండి. ఒక్కరే అడిగితే ఉద్యోగం పోతుంది, టీమంతా కలిసి అడగండి. బీమా కంపెనీని 21(4) ప్రకారం ఏమిస్తారో రాతపూర్వకంగా చెప్పమనండి. ఓటుకొచ్చిన ఎమ్మెల్యేను, జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్టు ఎన్ని రోజులుంటాడో చెప్పమనండి.

మనసు బాగుండాలంటే కోపం తగ్గించుకోండని బోధించేవాళ్లు చాలామందే ఉన్నారు. పెళ్లాం మీద, పిల్లల మీద, ట్రాఫిక్‌లో ఆటో అతని మీద తప్పకుండా తగ్గించుకోండి. ఆ మిగిల్చిన కోపమంతా పోగేసి ఉంచండి. టైంటేబుల్ రాసేవాడి దగ్గర పనికొస్తుంది.