అన్న కూడా కల్పితమే!

సివిల్ దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో ప్రతివాది జవాబు దావా వేయాలి. కారణాలు రాసి కోర్టు గడువు పెంచినా 90 రోజులు దాటకూడదన్నది 2002 సవరణ. ఎప్పుడో అరుదుగా తప్పనిసరైతే ఆలస్యాన్ని మన్నించవచ్చని 2005లో సుప్రీంకోర్టు చిన్న వెసులుబాటిచ్చింది. ఇంకేం, అప్పట్నుంచీ ప్రతి కేసూ అరుదైనదే! కోర్టు అమీనా సమన్లతో గుమ్మంలోకి వస్తే ఇంటాయన ఊళ్లో ఉండడు. ఆనక వకాలత్, ఆపైన వాయిదా, ఆ తర్వాత విషజ్వరమని పిటిషన్.

ఇంతకీ అన్నాళ్లు కూర్చుని రాసేదేమిటంటే, 'వాది చెప్పినవన్నీ అబద్ధములు, కల్పితములు, రుజువు భారము వాదిదే'. పొడిగా కాదంటే చెల్లదు, ఏ సంగతికా సంగతి విడివిడిగా కాదనాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 8వ ఆర్డరు. కాదనని సంగతి ఒప్పుకున్నట్టే లెక్క. ఆ భయంతో ప్లీడరు గారి గుమాస్తా పేరా పేరాకూ 'నిజము కాదు' కొట్టుకుంటూ పోతాడు. ఆ ఊపులో, ఆస్తి పంపకం దావాలో 'వాది ఈ ప్రతివాదికి స్వయానా అన్న అనుట నిజము కాదు' అనీ పడుతుంది. కింద ప్రతివాది సంతకం. ఇంటిపేరు అదే, తండ్రి పేరూ అదే!

కమర్షియల్ కోర్టులో మాత్రం 2015 చట్టం పుణ్యమా అని 120 రోజులు దాటితే జవాబిచ్చే హక్కే పోతుంది. చిత్రమేమిటో, అక్కడి ప్రతివాదులకు ఎంతటి విషజ్వరమైనా 119వ రోజుకల్లా దిగిపోతోంది.