పాకాన పడ్డ పాఠం

నేను బెల్లం పెనాన్ని. కె.కోటపాడు దగ్గర ఒక రైతు కళ్లంలో, చెరకు గానుగ పక్కన పెద్ద పొయ్యి మీద నా కాపురం. నేను వచ్చేనాటికి ఇది విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లా అయింది. నా పని మాత్రం మారలేదు. సంక్రాంతికి అటూ ఇటూగా వెలిగిన పొయ్యి పిల్లల ఏడాది పరీక్షలదాకా ఆరదు.

నా పుట్టుకే ఒక సైన్సు పాఠం. ఇనప రేకుల అంచులు ఒకదానిమీద ఒకటి పేర్చి, కన్నాలు పొడిచి, ఎర్రగా కాల్చిన రివిట్లు దిగ్గొట్టారు. వేడికి సాగిన ఇనుము చల్లారుతూ కుంచించుకుని రేకుల్ని గట్టిగా బిగించి పట్టింది. వ్యాకోచం, సంకోచం అని పిల్లలు రాసుకునే ఆ రెండు మాటల వల్లే నాలోంచి చుక్క కారదు.

నాకు బాధంటే వానాకాలమే. గానుగ ఆగాక నన్ను చూరు కింద బోర్లించి వదిలేసేవారు. తేమా గాలీ జతకట్టి నా ఒళ్లు కొరికేవి. మళ్లీ పొయ్యెక్కే ముందు ఇసకతో తోమితే ఎర్రటి పొడి రాలేది. అది నా ఒంటి ఇనుమే. ఆక్సిజన్‌తో కలిసి ఐరన్ ఆక్సైడుగా మారిపోయింది. అలా ఏటేటా కాస్త కాస్త పలచబడ్డాను.

ఒక ఫాల్గుణ మాసపు సాయంత్రం పాకం వండే తాత మనవరాలు నా పక్కన కూర్చుని వల్లె వేస్తోంది. ఏడో తరగతి పిల్ల. "నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగును, నీరు 100 డిగ్రీల..."

"ఏటే అమ్మడూ, ఎన్నిసార్లు అదే మాట?" అన్నాడు తాత, తెట్టు తీస్తూ.

"వచ్చే వారం పరీక్ష తాతా. మర్చిపోతానేమోనని."

"కళ్ల ముందు ఉడుకుతున్నది మర్చిపోతావేటే? మీ మాస్టార్ని ఓసారి తీసుకురా."

రెండ్రోజుల్లో మాస్టారు తరగతినంతా వెంటబెట్టుకొచ్చారు. అప్పుడే పిండిన రసంలో నీలి లిట్మస్ ముంచితే ఎర్రబారింది. తాత సున్నపు తేట పోశాడు. "రసంలో ఆమ్లం ఉంది, సున్నం క్షారం. ఇదే తటస్థీకరణం" అన్నారు మాస్టారు. "పులుపు ఉండిపోతే దిమ్మ కట్టదు బాబూ, జారిపోతాది" అన్నాడు తాత. ఇద్దరూ చెప్పింది ఒకటే. ఆమ్లం వేడిలో చక్కెర అణువును గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. అవి పెరిగితే బెల్లం గట్టిపడదు.

అడుగున కాగిన రసం పైకి లేస్తూ, పైది కిందికి దిగుతూ నాలో సుడులు తిరిగింది. "జ్వరం చూసేది ఇందులో పెట్టొచ్చా మాస్టారూ?" అడిగాడో పిల్లాడు. "వద్దు. అది 35 నుంచి 42 డిగ్రీల వరకే చూపిస్తుంది. ఇది 110 దాకా" అంటూ ఆయన ప్రయోగశాల ఉష్ణమాపకాన్ని దారంతో వేలాడదీశారు.

రసం మరిగింది. చాలాసేపు 100కి కాస్త పైనే నిలిచింది. తర్వాత 104. తర్వాత 108. తాత మనవరాలు లేచి నిలబడింది.

"నీరు 100 దగ్గర మరుగుతుందని ఉంది కదండీ! మరి ఇది ఇంకా పైకి పోతోందేం?"

ఇన్నేళ్లలో నా చెవినపడ్డ మాటల్లో అంత తియ్యనిది మరొకటి లేదు. పుస్తకంలో చదివిన దాన్ని కంటితో చూసిన దానితో ఆ పిల్ల తూచి చూసింది.

"అది స్వచ్ఛమైన నీటి సంగతి తల్లీ. ఇది ద్రావణం. నీరు ఆవిరయ్యేకొద్దీ తీపి చిక్కబడుతుంది. చిక్కబడేకొద్దీ మరిగే వేడి పెరుగుతుంది" అని, గాజు గొట్టం తట్టుకోదని ఉష్ణమాపకం తీసేశారు. పాకం మాత్రం 118 దాకా వెళ్తుందని చెప్పారు. మరిగే నీళ్లకంటే పాకం చుక్క ఎందుకంత కాలుస్తుందో, తాత చేతి మచ్చలెందుకంత లోతో పిల్లలకు అప్పుడు తెలిసింది. తాత పాకం చుక్కను చన్నీళ్లలో వేసి, వేళ్లతో నలిపి చూసి, "ఉండ కట్టింది, దించండి" అన్నాడు. ఆయన వేళ్లకు ఎప్పుడో తెలిసిన వేడికి ఆ రోజు పిల్లలు అంకె నేర్చుకున్నారు.

చివరికి మాస్టారు లెక్క అడిగారు. 100 కిలోల చెరకుకు ఇంచుమించు 10 కిలోల బెల్లం. మిగతాది ఏమైంది? పిల్లలే కూడారు. 40 కిలోల దాకా పిప్పి, 50 కిలోల దాకా ఆవిరి. ఏదీ మాయం కాలేదు. ఆ పిప్పే ఎండి నా కింద మండుతోంది. చెరకు ఆకు కిరణజన్య సంయోగక్రియతో దాచుకున్న ఎండే పొయ్యిలో మంటా, దిమ్మలో తీపీ. "అనకాపల్లిలో 1913 నుంచి చెరకు మీద పరిశోధనలు జరుగుతున్నాయి. అక్కడివాళ్లూ ఇలా 'ఎందుకు' అని అడిగినవాళ్లే" అన్నారు మాస్టారు.

పరీక్షలైపోయాయి. గానుగ ఆగింది. నన్ను మళ్లీ చూరు కిందికి మోశారు. బోర్లించబోతుంటే ఆ పిల్ల గుడ్డముక్కా నూనె గిన్నే పట్టుకొచ్చి, లోపలా బయటా రివిట్ల సందుల్లోనూ రుద్దింది.

"ఎందుకే ఇదంతా?" అన్నాడు తాత.

"గాలీ తేమా తగలకుండా, తాతా."

ఆ వానాకాలం నా మీద పడ్డ చినుకు నిలవలేదు, జారిపోయింది.