మా ఇంటా వంటా విండోస్ లేదండీ!

కొవ్వూరులో లినక్సు మాస్టారు ఒకరుంటారు. స్కూటరు మీద లినక్సు గుర్తైన పెంగ్విన్ స్టిక్కరు, నోట్లో ఎప్పుడూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారుడు రిచర్డ్ స్టాల్మన్ పేరు. షాపు బోర్డు మీద 'డీటీపీ, జిరాక్స్, శుభలేఖలు' అని ఉన్నా, అసలు వ్యాపకం వేరు: గుమ్మం ఎక్కినవాడికల్లా విండోస్ మానేసి లినక్సుకి మారమని హితబోధ.

"మా ఇంటా వంటా విండోస్ లేదండీ," అంటారు శుభలేఖ మేటరు తెచ్చిన పెద్దమనిషితో.

"మరి అదేంటండీ?"

స్క్రీను మీద పచ్చటి గుట్ట, నీలాకాశం, కింద మూలన స్టార్ట్ బటన్. సాక్షాత్తూ విండోస్ ఎక్స్‌పీ.

"అది విండోస్ కాదండి, ఫైలు! 20 జీబీ ఫైలు. పెన్‌డ్రైవులో పడేసి జేబులో పెట్టుకోవచ్చు."

అబద్ధమేం కాదు. వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాము లేని కంప్యూటర్‌ని లినక్సులో ఉన్నట్టు నిలబెడుతుంది. దాని హార్డ్ డిస్కు నిజానికి ఒక ఫైలు. ఎక్స్‌పీ మాత్రం సొంత మెషీన్లోనే ఉన్నాననుకుంటుంది. ఉన్న 4 జీబీ ర్యామ్‌లో 2 దానికే పోతుంది. సంక్రాంతికి వచ్చిన కొత్తల్లుడిలా అది దిగగానే ఇల్లు ఇరుకైపోతుంది: ఫైర్‌ఫాక్స్ మూసెయ్యాలి, పాటలు ఆపెయ్యాలి.

ఇంత అవస్థా తెలుగు శుభలేఖ కోసమే. పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రాము లినక్సుకి రానేలేదు, దాని ఆఖరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. దానికి తోడు అనూ ఫాంట్లు. అవి యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చినవి. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే 'చి.ల.సౌ.' కాస్తా పిచ్చిగీతలైపోతుంది. అలా పేజీలు కూర్చేదే, ఉచితంగా దొరికే స్క్రైబస్ 2024లో వచ్చిన 1.6తో తెలుగు ఒత్తులు సరిగ్గా పెట్టడం నేర్చింది. పోతన, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లూ ఉచితమే. మాస్టారికివన్నీ తెలుసు. కానీ 1974 నాటి గోదావరి వంతెన దాటితే రాజమండ్రిలో ఆయన పని ఇచ్చే ప్రెస్సు పేజ్‌మేకర్ ఫైలు తప్ప ముట్టుకోదు.

ఆయన గర్వమంతా స్నాప్‌షాట్. ఎక్స్‌పీ ఆరోగ్యంగా ఉన్నప్పటి స్థితిని దాచి, పాడైతే అక్కడికి తిప్పెయ్యడమన్నమాట. 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి మరమ్మతులు మానేసింది కాబట్టి మాస్టారు దానికి నెట్ కోసేశారు. పెన్‌డ్రైవుల్ని కొయ్యలేరుగా! ఓ పెళ్ళివారి పెన్‌డ్రైవులోంచి షార్ట్‌కట్ వైరస్ దూరింది. "చూస్తూ ఉండండి" అంటూ ఒక్క క్లిక్కు. వైరస్ మాయం. పొద్దుట్నుంచీ దిద్దిన శుభలేఖా మాయం. పెళ్ళికొడుకు తాతగారి ఇంటిపేరు మళ్ళీ తప్పులతో వచ్చి కూర్చుంది.

"షేర్డ్ ఫోల్డర్లో సేవ్ చెయ్యాలి కదరా!" అని షాపు కుర్రాడి మీద విసుక్కున్నారు. అదీ నిజమే, ఆ ఫోల్డరు ఉండేది లినక్సులో, స్నాప్‌షాట్ దాని జోలికి పోదు.

మనిషి మంచివాడు, పని నమ్మకం. శుభలేఖకి వెళ్ళేవాళ్ళు ప్రూఫు రెండుసార్లు చూసుకోండి. 'లినక్సంటే ఏంటండీ?' అని మాత్రం అడక్కండి. రాజమండ్రి ఆఖరి బస్సు మీకోసం ఆగదు.