అక్క చంకలో పెరిగినోళ్లం

మిర్యాలగూడలో నాకు సొంత ఇల్లుంది. వాకిట్లో వేపచెట్టు, దాని కింద నవారు మంచం ఉన్నాయి. రైస్ మిల్లులో ముప్పై నాలుగేళ్లు గుమస్తాగా బస్తాల లెక్కలు రాసి, ఇక చాలనుకుని ఆ మంచం మీద వాలినవాణ్ని. అలాంటివాణ్ని ఐదు నెలలుగా సూర్యాపేటలో, కొడుకు అద్దెకున్న ఇంట్లో, రెండో అంతస్తులో కాపలా ఉంటున్నాను. మనవడు పుట్టాడు. తొలి కాన్పు పుట్టింట్లో, మలి కాన్పు అత్తింట్లో అని పెద్దలు పెట్టిన లెక్క ఈసారి మా మీదికి వచ్చింది. వంట, బాలింత పథ్యం మా ఇంటామె చూస్తుంది. చంటోణ్ని ఎత్తుకోవడం, ఐదేళ్ల మనవరాలిని బడి వ్యాను ఎక్కించడం నా వంతు. అరవై ఎనిమిదేళ్లకు దొరికిన ఉద్యోగం. జీతమూ లేదు, ఆదివారమూ లేదు.

పొద్దున ఏడింటికి ఆ ఇంటిని ఎవరైనా చూడాలి. చంటోడు ఏడుస్తుంటాడు. పాపకు ఒక సాక్సు దొరకదు. అబ్బాయి ఫోన్లో మాట్లాడుతూ పళ్లు తోముతుంటాడు. పాపకు ఇడ్లీ తినిపించాలంటే ఎదురుగా ఇంకో ఫోన్ ఉండాలి. అందులో ఏనుగు ఎగిరితేనే ఇక్కడ నోరు తెరుచుకుంటుంది. బొమ్మ ఆగితే నోరూ ఆగుతుంది. మాకు అన్నం పెట్టేటప్పుడు మా అమ్మ దగ్గర ఒకే ఒక్క బొమ్మ ఉండేది, వీపు మీద పడే అరచెయ్యి.

డైపర్ల సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మా రోజుల్లో పాత ధోవతులు, మెత్తబడ్డ నేత చీరలు చింపి పొత్తిగుడ్డలు చేసేవాళ్లు. పెద్దోడి గుడ్డలే చిన్నోడికి, చిన్నోడివే పక్కింటి చంటిదానికి. అలా ఊరంతా తిరిగి చివరికి కిరసనాయిలు దీపం చిమ్నీ తుడవడానికి పనికొచ్చేవి. ఇప్పుడు రోజుకు ఆరేడు డైపర్లు పోతాయి. సంచి మోసుకుని కిందికి దిగేది నేను. ఈ సూర్యాపేట సామాన్యమైన ఊరు కాదు, చెత్తకుండీలు లేని పట్టణమని ఒకప్పుడు దేశమంతా చెప్పుకున్న ఊరు. చెత్తబండి ఆమె నన్ను ఆపి, ఇది తడి చెత్తా పొడి చెత్తా అంది. తడిసిందే కదమ్మా అన్నాను. కాదట. డైపర్లను విడిగా చుట్టి ఇవ్వాలని 2016 నుంచి నిబంధనలే ఉన్నాయట. వచ్చి కోడల్ని అడిగితే, "అవును మామయ్యా, మీకు చెప్పడం మర్చిపోయా" అంది. లక్షల బస్తాలకు చిట్టీలు కట్టినవాణ్ని, ఇప్పుడు మనవడి పొట్లాలు కడుతున్నాను.

కాన్పు కూడా అంతే. మా అమ్మ పొద్దున కలుపుకు వెళ్లి మధ్యాహ్నానికి నొప్పులతో తిరిగొస్తే, మంత్రసాని వచ్చి పని కానిచ్చేది. మనవడి పుట్టుకకు పంతులు పది గంటల పన్నెండు నిమిషాలన్నాడు, డాక్టరు సరే అంది. తెలంగాణలో వంద కాన్పుల్లో అరవై దాకా కోతలేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అప్పటికి దేశంలో అంత ఎక్కువ ఇంకెక్కడా లేదు. కోత అవసరమైనప్పుడు దేవుడిచ్చిన వరమే, కాదనను. కానీ బిడ్డ జాతకాన్ని గోడ గడియారం చూసి రాయించే తొందర మాకు లేదు. కింది వాటాలో అద్దెకున్న అమ్మాయికి మొదటి కాన్పు సర్కారు దవాఖానలో అయింది. కేసీఆర్ కిట్ ఇచ్చారట. సబ్బు, నూనె, పౌడరు, దోమతెర, బొమ్మలు, తల్లికి చీరలు. ఆ పథకం 2017 జూన్‌లో మొదలైంది. మగపిల్లాడైతే 12,000, ఆడపిల్లయితే 13,000 రూపాయలు ఇస్తామన్నారు అప్పట్లో. మేం పిల్లల్ని కన్న రోజుల్లో సర్కారు డబ్బులిచ్చింది కనకుండా ఉండే ఆపరేషన్‌కే.

పేరు పెట్టడానికి నెలన్నర పట్టింది. మా వైపు పేరు వెతుక్కోవాల్సిన పనే ఉండేది కాదు. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని పుట్టినవాడు సైదులు, ఆడపిల్లయితే సైదమ్మ. పెద్దగట్టు లింగమంతుల స్వామికి మొక్కితే లింగయ్య, లింగమ్మ. గుట్ట నరసింహస్వామికి మొక్కితే యాదగిరి, యాదమ్మ. మా మిల్లు గేటు దగ్గర నిలబడి "సైదులూ" అంటే నలుగురు హమాలీలు తిరిగి చూసేవాళ్లు. హిందువా తురకా అని ఎవరూ అడిగేవాళ్లు కాదు, ఏ సైదులో చెప్పు అనేవాళ్లు. నా మనవడికి రెండక్షరాల పేరు పెట్టారు. తలుపు కిర్రుమన్నట్టు ఉంటుంది. ఇంగ్లీషులో రాసేటప్పుడు చివర ఒక వై ఎక్కువ రాయాలట, సంఖ్య కుదరడానికి. దర్గాకు తీసుకుపోయి పుట్టువెంట్రుకలు తీయిద్దామన్నాను. గూగుల్ రివ్యూలు చూసి చెబుతానన్నాడు మావాడు.

నీళ్లు పోయడం, పొగ వేయడం ఇంకా బతికే ఉన్నాయి. రోజుకింత అని మాట్లాడుకుంటే ఒకామె వచ్చి, కాళ్లు చాపి, చంటోణ్ని మీద వేసుకుని నూనె రాసి నీళ్లు పోస్తుంది. వాడు ఊళ్లో అందరికీ వినపడేలా ఏడ్చి, సాంబ్రాణి పొగ తగలగానే మూడు గంటలు మొద్దునిద్ర పోతాడు. ఆ మూడు గంటలే ఈ ఇంట్లో పండగ. అయితే ముక్కులో, చెవుల్లో చుక్క నూనె వేయబోతే కోడలు పరుగెత్తుకొచ్చింది. వద్దని డాక్టరు చెప్పిందట. వస కొమ్ము అరగదీసి నాకిద్దామంటే అదీ వద్దు. ఆర్నెల్లు నిండేదాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా పోయకూడదట. వస పోయని పిల్లాడికి మాటలెలా వస్తాయన్నాను. "మీకెంత పోశారో మామయ్యా" అంది కోడలు, నవ్వకుండా. వీధిలో గాడిద పాలవాడు కేకేస్తూ పోతుంటే నేను మాట్లాడకుండా కిటికీ తలుపు వేసుకున్నాను.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు. నాకు అస్సలు మింగుడుపడంది మనవరాలి వ్యవహారం. తమ్ముడు పుట్టకముందే దానికి పాఠాలు మొదలయ్యాయి. బొమ్మల పుస్తకం కొన్నారు, అందులో కుందేలుకు తమ్ముడు పుడతాడు. దవాఖాన నుంచి చంటోణ్ని తెచ్చిన రోజు వాడి పక్కన రంగుకాగితం చుట్టిన డబ్బా పెట్టి, "చూడు, తమ్ముడు నీకేం తెచ్చాడో" అన్నారు. అందులో చక్రాల బూట్లు ఉన్నాయి. మూడు కిలోల పిల్లాడు, కళ్లే తెరవడం లేదు, ఏ కొట్టుకు వెళ్లి తెచ్చాడు? పెద్దపిల్లకు కుళ్లు రాకుండా ఇలా చేయాలట. వారానికొకరోజు పాపకు మాత్రమే కేటాయించిన సాయంత్రం అని ఒకటుంది, ఆ సాయంత్రం తమ్ముడి ఊసెత్తకూడదు. అది తమ్ముణ్ని ముట్టుకోబోతే "మెల్లగా, మెల్లగా" అని నలుగురం అరుస్తాం. ఎత్తుకుంటానంటే ఇల్లు కూలినట్టు చేస్తాం. ఐదు నెలలైంది, ఆ పిల్ల చేతిలో తమ్ముడు ఒక్కసారి పడలేదు. వాణ్ని అది అద్దాల బీరువాలో బొమ్మను చూసినట్టు చూస్తుంది.

మా రోజుల్లో పెద్దపిల్ల అంటే రెండో తల్లి. మాది కోదాడ పక్క పల్లె. నాకంటే అక్క ఆరేళ్లు పెద్దది. నేను నేల మీద నడిచిన గుర్తుకంటే అక్క చంకలో ఊరు చూసిన గుర్తే ఎక్కువ. చింతపిక్కలాట ఆడితే చంకలో నేను. బావి దగ్గరికి పోతే ఒక చంకలో బిందె, ఇంకో చంకలో నేను. నాకు కోపమొస్తే జుట్టు పీకేవాణ్ని, ఆకలైతే దాని జొన్నరొట్టె లాక్కునేవాణ్ని. అమ్మ నాకు పాలిచ్చింది, మిగిలిందంతా అక్కే చేసింది. ఒక్క దెబ్బ తగలనిచ్చిందా? నా ఎడమ కనుబొమ మీద ఈ మచ్చ ఒక్కటే, అదీ కోడె తోసింది.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ నీళ్లు కాలువల్లోకి వదిలారు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేరు. మా ఊరి తూముదాకా నీళ్లు రావడానికి ఇంకా కాలం పట్టింది. వచ్చాక మాత్రం జొన్న, ఆముదం పండిన చెలకలు పొలాలయ్యాయి. వరి వచ్చిందంటే నాట్లు, కలుపులు, కోతలు, అన్నీ ఆడవాళ్ల నడుములతో అయ్యే పనులే. మా అమ్మ తెల్లారకముందే బురదలో దిగేది. తమ్ముడు అప్పుడు చంటోడు. గట్టు మీద తుమ్మచెట్టుకు చీరతో తొట్టెల కట్టి వాణ్ని పడుకోబెట్టేది. ఊపడానికి మనిషి కావాలి కదా. అక్క అప్పటికే అత్తగారింటికి పోయింది. నాకు పదేళ్లు, చెల్లెకు ఎనిమిది. ఇద్దరం బడికి పోయేవాళ్లం. చెల్లెను మాన్పించారు. మిర్యాలగూడలో ఇన్ని మిల్లులు లేచాయన్నా, వాటిలో నాకు కుర్చీ దొరికిందన్నా ఆ నీళ్ల పుణ్యమే. ఆ తొట్టెల తాడు చెల్లె చేతిలో కాకుండా నా చేతిలో పెట్టి ఉంటే ఆ కుర్చీలో ఎవరు కూర్చునేవారో.

ఇదంతా ఒక రాత్రి చపాతీలు తింటూ కొడుక్కీ కోడలికీ కాస్త గట్టిగానే చెప్పాను. పెద్దపిల్లలను అలా పెంచాలని. మా ఇంటామె పెనం మీద నుంచి చూపు తిప్పకుండా అంది, "నీ రోజుల్ల నువ్వెక్కడున్నవయ్యా? వీడు పుట్టినప్పుడు సీజన్ అని మిల్లులనే పండుకున్నవ్. పదకొండో దినం వచ్చి, ఎవరి పోలిక అని అడిగిపోయినవ్." నవ్వాపుకోలేక కొడుక్కి పొలమారింది. కోడలు మాత్రం నవ్వలేదు. "అత్తయ్య చెప్పారు, మీ అమ్మగారికి ఎంతమంది పిల్లలు మామయ్యా?" అంది. ఏడుగురు, మిగిలింది నలుగురం. 1971లో మన దేశంలో వెయ్యిమంది పుడితే 129 మంది ఏడాది నిండకుండానే పోయేవాళ్లని ఫోన్లో చూసి చెప్పింది. 2019-21 సర్వే నాటికి తెలంగాణలో అది ఇరవై ఆరు ప్రాంతంలో ఉందట. నా జబ్బ మీద రెండు పెద్ద టీకా మచ్చలున్నాయి, అమ్మవారు సోకకుండా వేసినవి. మనవడి తొడ మీద సూది గుచ్చినప్పుడల్లా నేను డాక్టరును తిట్టుకుంటూనే, తర్వాతి సూది తేదీ క్యాలెండర్‌లో చుట్టిపెడతాను. ఆ లెక్క మాత్రం తప్పనివ్వను.

పోయిన శుక్రవారం కోదాడ బస్సులో అక్క దిగింది. డెబ్బై నాలుగేళ్లు. మెట్లెక్కి వచ్చి, కాళ్లు కడుక్కుని, కొంగుతో చేతులు తుడుచుకుని, అడక్కుండా నా ఒళ్లోంచి మనవణ్ని లాక్కుని ఎడమ చంకనేసుకుంది. ఒక్క ఊపులో. నేను ఐదు నెలలుగా మెడ కింద చెయ్యి పెట్టు, నడుం కింద చెయ్యి పెట్టు అని గుణింతం చదువుతున్న పని. నడుము ఎడమవైపుకే కొద్దిగా ఒరిగి ఉంటుంది అక్కకు. ముసలితనం అనుకునేవాణ్ని.

అక్కకు సంతకం రాదు. పింఛనుకు వేలిముద్రే. నేను ఎప్పుడో ఎగతాళి చేశాను దాన్ని, చిన్నప్పుడు. ఇప్పుడు రేషన్ షాపులో నేనూ మిషన్ మీద వేలు పెట్టాల్సిందే. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఎప్పుడు కలిసినా అడుగుతుంది, "ఏందిరా, సదువుకున్నోనివి, నువ్వు గూడ ఏలే పెడుతున్నవట?"

మనవరాలు అక్క చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. చంకలో తమ్ముడున్న తీరు చూస్తోంది. "నాకు నేర్పిస్తావా?" అంది. మేమంతా నోళ్లు తెరిచేలోపే అక్క దాన్ని గోడకానించి కూర్చోబెట్టి, కాళ్లు చాపమని, వాణ్ని ఒళ్లో పెట్టింది. వాడు తన అక్క జుట్టు రెండు పిడికిళ్లతో పట్టుకుని లాగాడు. అది కెవ్వుమంది గానీ వదల్లేదు. కోడలు ఫోన్ తీసి ఫొటోల మీద ఫొటోలు కొట్టింది.

నాకు సందు దొరికింది. "చూశారా! మా అక్క ఆరేళ్లప్పుడే నన్ను చంకనేసుకుని ఊరంతా తిప్పింది. ఒక్క దెబ్బ తగలనియ్యలేదు" అన్నాను.

అక్క వక్క కొరుకుతూ నా ముఖం వైపు చూసింది. "ఎందుకు తగల్లే? ఆ మచ్చేంది మరి?"

"కోడె తోసింది కదా!"

"కోడె తోసిందని అమ్మకు జెప్పింది నేనేరా. చెరువు కట్ట మీద తొక్కుడుబిళ్ల ఆడనియ్యకపోతివి, ఒకటే ఏడుపు. ఇసుగుబుట్టి ఆడనే పడేసిన. రాయి తగిలింది." కొంచెం ఆగి, "బాగ బరువుండేటోనివి" అంది.

ఇల్లంతా నవ్వింది, నేను తప్ప. మనవరాలు ఒళ్లో తమ్ముణ్ని అలాగే పెట్టుకుని, ఒక చెయ్యి చాపి నా మచ్చ మీద వేలితో మెల్లగా తడిమింది. తర్వాత వంగి తమ్ముడి కనుబొమను చాలాసేపు చూసింది. నేను జరిగి, వాడి తల కింద చెయ్యి పెట్టాను.