మడతపేచీ

మడతపెట్టే వస్తువులు మా కేజీఎఫ్ వాళ్ళకు కొత్త కాదు. నేను పుట్టి పెరిగింది ఛాంపియన్ రీఫ్ దగ్గర, మైన్స్ కూలీలకు కట్టించిన లైన్లలో. ఒకటే గది, ఆరుగురం. చాప పరిస్తే అది పడకగది, చుట్టేస్తే వంటిల్లు, చుట్టాలొస్తే అదే చాప మళ్ళీ పరిచి హాలు అనేవాళ్ళం. నాయన రాత్రి షిఫ్టు దిగి తెల్లారి వచ్చేసరికి మేం లేచి చాప ఖాళీ చెయ్యాలి. మనుషులకు షిఫ్టులు మారేవి గానీ ఆ చాపకు మాత్రం ఆఫ్ అనేదే లేదు.

అందుకని బెంగళూరులో ఉద్యోగం చేసే మావాడు పోయిన ఉగాదికొచ్చి, "డాడీ, ఇది మూస్తే ఫోను, తెరిస్తే ట్యాబ్లెట్" అన్నప్పుడు నేను నోరు తెరవలేదు. పైగా బెంగళూరు వాళ్ళు ఏం చూపించినా ఆశ్చర్యపోకూడదని మా ఊళ్ళో ఒక పట్టుదల ఉంది. శివనసముద్రం నుంచి 1902లోనే మా గనులకు కరెంటొచ్చింది. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో. మూడేళ్ళు మా వెనక నడిచినవాళ్ళు మాకు ఫోను నేర్పిస్తారా!

ఇంతకీ అది కొత్త ఫోను కాదు. వాడు ఇంకా కొత్తది కొనుక్కుని పాతది నా చేతిలో పెట్టాడు. మా రోజుల్లో పాత చొక్కాలు తండ్రి నుంచి కొడుక్కి దిగేవి. ఇప్పుడు ఫోన్లు కొడుకు నుంచి తండ్రికి ఎక్కుతున్నాయి. ధర అడిగితే నవ్వి ఊరుకున్నాడు. నేనే వెతికి చూశాను. ఈ జాతిలో శామ్‌సంగ్ వాళ్ళ మొదటిది 2019లో మన దేశానికొచ్చినప్పుడు 1,64,999 రూపాయలట. ఆ ఒక్క రూపాయి ఎందుకు తగ్గించారో, ఎవరి మీద జాలిపడి తగ్గించారో తెలియదు. అందులో సగం కూడా లేకుండా మా నాయన ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసి, మిగిలినదానితో ఇంటికి సున్నం కొట్టించాడు.

ఆ మొదటి ఫోను కథ ఇంకో తమాషా. అమ్మకానికి ముందు అమెరికాలో కొందరు విలేకరులకు వాడి చూడమని ఇచ్చారు. తెర మీదున్న పలచటి పొరను స్క్రీన్‌గార్డు అనుకుని వాళ్ళలో కొందరు పీకేశారు. అది తెరలో భాగం! తెరలు చచ్చాయి, విడుదల నెలల తరబడి వెనక్కి పోయింది. ముందే ఒక మాట అడిగి కోలారు జిల్లాకు పంపి ఉంటే ఈ నష్టం జరిగేది కాదు. మా ఇంట్లో టీవీ రిమోట్‌కు కవరు తియ్యలేదు, స్కూటరు సీటుకు తియ్యలేదు. బీరువా అద్దం మీద కంపెనీ స్టిక్కరు అట్లే ఉంది, పక్కనున్న ఖాళీలో తల దువ్వుకుంటాం.

గాజు ఎలా మడతపడుతుందని నాకూ అనుమానమే. పలచన చేస్తే వంగుతుందట, 2020 నుంచి వెంట్రుక కంటే సన్నటి గాజు వాడుతున్నారట. ఇది మా ఆవిడకు చెబితే, "అప్పడం పలచగా ఒత్తితే వంగదా, దానికి ఇంత కథా?" అని లోపలికి వెళ్ళిపోయింది. అమ్మ మాత్రం కళ్ళజోడు పెట్టుకుని తెర నడుమ ఉన్న చారను వేలితో తడిమింది.

"ఏమప్పా, ఈడ మడత పడుండాదే. ఇస్త్రీ చేసేకి కాదా?"

"చేస్తే కాలిపోతాదమ్మా."

"అట్లయితే తెరిసేది మూసేది ఎందుకు? ఒగటే మాదిరి పెట్టుకో. నా వక్కాకు సంచి నలబై ఏండ్లుగా మడిస్తా ఉండాను, దానికి గీత కూడా పడలేదు."

రెండు లక్షలసార్లు మడిచినా చెక్కుచెదరదని పరీక్షించారట. అంటే రోజుకు వందసార్లు లెక్కన అయిదేళ్ళ పైమాటే. ఆ లెక్క వేసినవాళ్ళు మారికుప్పంలో తెల్లవారుజామున బయల్దేరే బెంగళూరు బండి ఎక్కి ఉండరు. ఒకరోజు కూర్చోవడానికి చోటు దొరికిన సంబరంలో ఫోను పూర్తిగా తెరిచి పేపరు చదవబోయాను. బంగారుపేట దాటేలోపు నా రెండు భుజాల మీద రెండు గడ్డాలు వాలాయి. ఎదుటి పెద్దాయన కాసేపు ఓపిక పట్టి, "సార్, మధ్య పేజీ మీరు చూస్తా లేరు కదా, ఇట్లియ్యండి" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు, చెయ్యి చాపుకునే ఉన్నాడు.

ఫోనుకు అసలు గండం ఆషాఢంలో వచ్చింది. 2001 ఫిబ్రవరి 28న మైన్స్ మూసేశారు గానీ, బంగారం తీశాక మిగిలిన పిండిని పోసిన సైనైడ్ దిబ్బలు మా ఊరి చుట్టూ అట్లే ఉన్నాయి. సినిమావాళ్ళు వాటిని చూసి మురిసిపోతారు, మేం గాలి చూసి కిటికీలు మూసుకుంటాం. గాలి తిరిగిందంటే అన్నంలో, మంచినీళ్ళలో, చెవిలో అదే దుమ్ము. ఈసారి ఫోను కీలులో చేరింది. మూస్తుంటే మిరపకాయ తొక్కు నూరుతున్న చప్పుడు. వారానికి పూర్తిగా మూసుకోవడం మానేసి సగంలో నిలబడింది, అచ్చం వ్యాసపీఠంలా. అమ్మ దాన్ని గూట్లో నిలబెట్టుకుని మూడు రోజులు హరికథలు చూసింది. బాగు చేయించొద్దనే అంది.

అయినా బెంగళూరులో ఒక రిపేరు దుకాణానికి పట్టుకెళ్ళాను. అక్కడి కుర్రాడు భూతద్దం పెట్టి చూసి, "దుమ్ము సార్. దీనికి వారంటీ వర్తించదు" అని, తెల్ల కాగితం పరిచి కీలును బ్రష్షుతో దులిపాడు. చిటికెడు బూడిదరంగు పొడి రాలింది. కాగితం ఎత్తి చెత్తబుట్ట వైపు తిప్పాడు.

"ఆగు నాయనా, పారెయ్యొద్దు" అన్నాను.

"దుమ్మే కదా సార్?"

"మా ఊరి దుమ్ము. అందులో ఇంకా బంగారం మిగిలుంది. దీనికోసమే మా నాయన భూమిలోకి మూడు కిలోమీటర్లు దిగేవాడు."

నన్ను ఎగాదిగా చూశాడు. బిల్లు వైపు చూశాడు. బేరం ఆడటానికి ఇదో ఎత్తు అనుకున్నట్టున్నాడు. ఏమనుకున్నాడో, ఆ కాగితాన్నే నాలుగు మడతలు పెట్టి, పొట్లం కట్టి, కొస లోపలికి దోపి చేతికిచ్చాడు. ఆ మడతలకు మాత్రం డబ్బు తీసుకోలేదు.